వెలిగొండ అంచున గుర్రం మీద: సోమశిల నుంచి భైరవకోన దాకా

అనుకున్న పని ఇది. సోమశిల ఆనకట్ట దగ్గర బయల్దేరి, వెలిగొండల తూర్పు అంచునే పట్టుకుని అనంతసాగరం, మర్రిపాడు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా పాత ప్రకాశం జిల్లా సి.ఎస్.పురం మండలంలో ఉన్న భైరవకోన దాకా గుర్రం మీద పోవాలి. ఊళ్ళ దారులు, డొంకలు పట్టుకుని పోతే వంద కిలోమీటర్లు దాటుతుంది. కారులో ఒక పూట పని. గుర్రంతో అయితే ముందు నెలల తరబడి తయారీ కావాలి, ఆ తయారీ వివరాలే ఇందులో ఎక్కువ రాస్తున్నా, ఎందుకంటే మన ఎండల్లో, మన రాళ్ళ దారుల్లో, మన ఊళ్ళల్లో దొరికే మేతతో గుర్రాన్ని దూరం నడిపించడం ఎట్టాగో చెప్పే మాట నాకు కావాల్సినప్పుడు ఒక్కటీ చేతికి దొరకలేదు.

కొండ ఎక్కే ఆలోచన లేదు. దక్షిణాన పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో అడుగు పెట్టకూడదు. పశువుల బాట కళ్ళ ముందు కనపడుతున్నా సరే. కాబట్టి కొండ ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉండాలి, ఊళ్ళు కుడి చేతి వైపు ఉండాలి, మా దారి ఆ రెంటికీ మధ్యలో పోవాలి.

శ్రావణం: గుర్రం

పెళ్ళి ఊరేగింపులకు తిప్పే ఒకాయన దగ్గర కొన్నాం. ఆడ గుర్రం, ముదురు ఎరుపు, నుదుట తెల్ల మచ్చ ఉంది కాబట్టి చుక్క అని పేరు పెట్టాం. పళ్ళు చూసిన పశువుల డాక్టరు ఎనిమిదేళ్ళ దాకా ఉండొచ్చన్నారు. బాజాలకి, టపాకాయలకి అలవాటు పడిన గుర్రం కాబట్టి లారీ హారన్ కొట్టినా చెవి మాత్రమే తిప్పుతుంది, దూర ప్రయాణానికి ఈ ఒక్క గుణం కోసం ఎంత డబ్బయినా పెట్టొచ్చు.

ఇంటికి తెచ్చిన రోజు నుంచి ఊళ్ళో పెద్దవాళ్ళు వచ్చి సుడులు చూడటం మొదలుపెట్టారు. మెడ మీద సుడి ఎటు తిరిగింది, నుదుట ఒకటా రెండా, పొట్ట కింద ఉందా. పంచకళ్యాణి (నాలుగు కాళ్ళూ, ముఖం తెల్లగా ఉన్న గుర్రం) అయితే ఇంకా బాగుండేది అని మా చిన్నాయన కూడా అన్నాడు. పెద్దల మాట మీద నాకు గౌరవమే, కానీ నేను చూసుకున్నవి వేరే. గిట్టలు పగుళ్ళు లేకుండా నాలుగూ ఒకే ఎత్తున ఉన్నాయా, వెన్ను మీద తెల్ల వెంట్రుకలు ఉన్నాయా, కాళ్ళ వెనక నరం వెంట వేళ్ళతో జారుస్తుంటే ఎక్కడన్నా వాపు, వేడి తగులుతుందా. తెల్ల వెంట్రుకలు కొన్ని కనిపించాయి, మూపు వెనకాల. పాత జీను ఒరిసి పుండు పడి మానిన చోట అట్టా తెల్లగా మొలుస్తాయి. ఆ వెంట్రుకల వల్లే తర్వాత జీను మీద అంత టైమ్ పెట్టాం.

రక్తపరీక్షలు రెండు చేయించాం, గ్లాండర్స్ అనే అంటుజబ్బుకి ఒకటి, సర్రా అనే రక్తపు జబ్బుకి ఒకటి. సర్రా జోరీగల వల్ల పాకుతుంది, మన దగ్గర వానల తర్వాత గేదెల చుట్టూ జోరీగలు ఎట్టా ముసురుతాయో తెలిసిందే. ధనుర్వాతం టీకా తప్పనిసరి, గుర్రానికి ఆ జబ్బు వచ్చినంత సులువుగా వేరే పశువుకి రాదు, ఒక మేకు గుచ్చుకుంటే చాలు.

భాద్రపదం: తూకం, జీను

మోసే బరువు లెక్క ముందే తేల్చుకోవాలి. గుర్రం బరువులో ఐదో వంతు మించి మోయించకూడదన్నది దూరం నడిపేవాళ్ళు పాటించే నియమం. చుక్క బరువు తెలియాలి కదా, లారీల కాటా దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాం. 310 కిలోలు. ఐదో వంతు 62. నేను, జీను, కింద వేసే కంబళి కలిపితే 61. ఇంక నీళ్ళ సీసాకి కూడా చోటు లేనట్టే. అందుకని సామానంతా తమ్ముడి టీవీఎస్ ఎక్సెల్ మీద పోవాలని అప్పుడే తేలిపోయింది: ఉలవలు, చొప్ప, బకెట్లు, మందుల పెట్టె, మా బియ్యం. ఎక్సెల్ బదులు సామాను మోయడానికి ఇంకో తట్టుని (పొట్టి గుర్రాన్ని) తీసుకుందామంటే, 1965 నాటి కేంద్ర నిబంధనల్లో తట్టు మీద 70 కిలోలు మించి వేయకూడదని ఉంది, పైగా దానికీ మేత మోయాలి. ఎక్సెలే మేలు.

అదే నిబంధనల్లో ఇంకో ముక్క ఉంది, అది నేను గోడ మీద రాసిపెట్టుకున్నా. పనిచేసే పశువుని రోజుకి 9 గంటలు మించి, విరామం లేకుండా 5 గంటలు మించి పనిలో ఉంచకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కదిలించకూడదు. ఉదయగిరి మెట్టలో మార్చి నెల నుంచి అంత వేడి మామూలే. అంటే ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కి తగ్గాక, ఎండ ముదరక ముందు, సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఉన్న కొన్ని వారాలే మనకు దారి ఇచ్చేది. అప్పుడు వాగుల్లో నీళ్ళుంటాయి, గరిక పచ్చగా ఉంటుంది, ఈగలు తగ్గుతాయి.

ఇక జీను. గుర్రాన్ని గంటసేపు నడిపించి జీను తీయగానే వీపు చూడాలి. చెమట రెండు వైపులా ఒకేలా, ఖాళీ లేకుండా పట్టి ఉండాలి. చుక్కకి ఎడమ మూపు వెనకాల అరచేయంత మేర పొడిగా ఉంది, చుట్టూ అంతా తడి. పొడిగా ఉంటే మంచిదేగా అనిపిస్తుంది చూసేవాళ్ళకి, కానీ అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట కూడా పట్టలేదని అర్థం, రెండు మూడు రోజులు అదే జీను వేస్తే అక్కడ వాపు, ఆ తర్వాత పుండు. సరిగ్గా తెల్ల వెంట్రుకలున్న చోటే అది. జీను అడుగున ఉన్న దూదిని విప్పించి, ఆ భాగం పలచన చేయించి, కింద పరిచే గుడ్డ మార్చాం. మన నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, పొట్టి బొచ్చే, అందుకే కంబళి రాయలసీమ వైపు నుంచి తెప్పించాల్సి వచ్చింది. చేత్తో నేసిన గొర్రె ఉన్ని కంబళి నాలుగు మడతలు వేస్తే చెమట పీల్చుకుంటుంది, జారదు, ఎండకి ఆరేస్తే గంటలో ఆరుతుంది. మార్చిన తర్వాత పొడి మచ్చ చిన్నదవుతూ వచ్చి, దసరా నాటికి పూర్తిగా పోయింది.

ఆశ్వయుజం, కార్తీకం: నడక, లాడాలు

రోజూ నడకే. దౌడు తీయించమని పిలకాయలు వెంటపడతారు గానీ దూరానికి దౌడు పనికిరాదు, గంటకి ఆరు కిలోమీటర్ల లెక్కన సాగే నడక, మధ్యలో కొంచెం దుడుకు నడక, అంతే. తయారీలో జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే శ్రమకి అలవాటు పడిపోతాయి, కాళ్ళ నరాలు, ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. మధ్యలో ఒక దశ వస్తుంది, గుర్రం మంచి హుషారు మీద ఉంటుంది, ఎంత దూరమైనా పోతానంటుంది, కాళ్ళు మాత్రం ఇంకా సిద్ధంగా ఉండవు. ఆ దశలోనే పగ్గం బిగబట్టుకోవాలి.

గుండె వేగం చూడటం నేర్చుకున్నా. ఎడమ ముందు కాలి మోచేయి వెనకాల, పొట్ట పట్టీ పడే చోట స్టెతస్కోప్ పెట్టాలి. తీరికగా నిలబడ్డప్పుడు నిమిషానికి 28 నుంచి 44 మధ్యలో ఉండాలి. అంతర్జాతీయ దూర పోటీల్లో ఆపి చూసే చోట 64కి దిగితే గానీ ముందుకి వదలరు. మేమూ అదే గీత పెట్టుకున్నాం, ఆగిన పావుగంటకి 64 లోపలికి దిగకపోతే ఆ పూటకి ప్రయాణం ఆపేయడమే.

లాడాలు పెద్ద సమస్య అయ్యింది. ఉదయగిరి వైపు గులక, కొండరాయి, లాడం లేకుండా గిట్ట అరిగిపోతుంది. కానీ గుర్రానికి లాడాలు కొట్టేవాళ్ళు ఎవరు మిగిలారు? ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులే తగ్గిపోయాయి, వాటికి కొట్టేవాళ్ళు కూడా ఊరికొకరు ఉండేది పోయి ఎక్కడో ఒకరు. చివరికి ఆత్మకూరు వైపు ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి పోయాం. ఆయన ఎద్దులకే కొడతాడు, ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు రేకులు, గుర్రానికి ఒకటే చంద్రవంక. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో పాటు జట్కా గుర్రాలకి కొట్టిన అలవాటు ఉందట, ఏళ్ళ తరబడి చేయి పెట్టలేదట. చుక్క కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏమీ చేయకుండా నిమురుతూ కూర్చున్నాడు. "ఎద్దునైతే తాళ్ళేసి పడేసి కొడతాం తల్లీ, గుర్రాన్ని బతిమాలుకుని కొట్టాల" అన్నాడు.

ఆ పని దగ్గర కూర్చుని చూశా. కత్తితో అడుగు చెక్కుతుంటే తెల్ల గీత ఒకటి బయటపడుతుంది, గిట్ట గోడకీ లోపలి భాగానికీ సరిహద్దు అది. మేకు ఆ గీతకి బయటే దిగాలి, ఏటవాలుగా పోయి గోడ బయటికి రావాలి. సుత్తి దెబ్బ టంగ్ టంగ్ అని గట్టిగా మోగినంతసేపు మేకు చచ్చు గోరులో పోతున్నట్టు, మోత మెత్తబడితే లోపలికి పోతున్నట్టు, వెంటనే లాగేయాలి. ఆయన కళ్ళు మూసుకుని మోతే విన్నాడు. ఒక్క మేకు లాగి మళ్ళీ కొట్టాడు, మిగతావన్నీ సరిగ్గా దిగాయి. బయటికి వచ్చిన మొనలు తుంచి, మడిచి, ఆకురాయితో రాసేశాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ విప్పి, పెరిగిన గోరు చెక్కి కొట్టాలి, కాబట్టి బయల్దేరే తేదీని బట్టి లాడాల తేదీ లెక్క వేసుకున్నాం. మూడు నాలుగు రోజుల ముందు కొట్టిస్తే గుర్రం సర్దుకుంటుంది, ఏదన్నా మేకు తేడా చేసినా ఇంటి దగ్గరే తెలుస్తుంది.

ధనుర్మాసం: తొట్ల పటం

ఇక్కడికొచ్చేసరికి ఈ పని మొత్తం నాకు వేరేగా కనపడటం మొదలైంది. గుర్రం మీద ఎంత దూరం పోగలవు అన్నది ఎక్కేవాళ్ళ ధైర్యం మీద ఆధారపడదు. దారిలో ప్రతి పది కిలోమీటర్లకీ పశువు తాగే నీళ్ళు, ప్రతి రాత్రీ ఆరేడు కిలోల ఎండుమేత, నెలన్నరకి ఒక లాడాల మనిషి. ఈ మూడూ ఎద్దుబళ్ళ కాలంలో ప్రతి ఊళ్ళో ఉండేవి, ఎవరూ వెతుక్కోవాల్సిన పని లేదు. ఇప్పుడు పెట్రోలు బంకులు ఉన్నాయి, అవి లేవు. అందుకే జీను కన్నా పటమే ముఖ్యం.

నేనూ తమ్ముడూ ఎక్సెల్ మీద దారంతా ముందే తిరిగాం. ఊరి మొగదల ఆగి "నీళ్ళున్నాయా" అని అడిగితే బిందె తెచ్చిస్తారు, "గేదెలు యాడ తాగుతాయి" అని అడగాలి. ఉపాధి హామీ కింద కట్టిన నీటి తొట్లు చాలా ఊళ్ళల్లో ఉన్నాయి. కొన్నింటిలో నీళ్ళు నిండుగా, కొన్నింటిలో పాచి, కొన్నింటిలో చెత్త. గేదెలు, గొర్రెలు గట్టిగా ఉన్న ఊళ్ళో తొట్టి బతికి ఉంటుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా ఉపయోగపడింది గొర్రెల కాపరులు. ఏ కుంటలో నీళ్ళు శివరాత్రి దాకా నిలుస్తాయో, ఏ వాగు దాటేచోట ఊబి ఉందో, ఏ బోరు నీళ్ళు ఉప్పో వాళ్ళకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పటంలో నేను గుర్తులు పెట్టింది మూడొంతులు వాళ్ళ మాట మీదే, పోయి చూస్తే ఒక్కటీ తప్పు పోలేదు.

ప్రమాదాలు కూడా గుర్తు పెట్టాం. కంది కోసిన చేలు మొదటిది. కొడవలితో ఏటవాలుగా కోసిన కంది మోళ్ళు ఎండిపోయి బాకుల్లా నిలబడతాయి, గిట్ట మధ్య మెత్తటి భాగంలో దిగితే అంతే సంగతులు. ఆముదం చేలు రెండోది, ఆ గింజలు కొన్ని తిన్నా గుర్రానికి ప్రాణం మీదకి వస్తుంది. గుళ్ళ దగ్గర గన్నేరు మొక్కలూ అంతే, నీడ ఉంది కదా అని కట్టేయకూడదు. సర్కారు తుమ్మ ముళ్ళ గురించి చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టింది కరెంటు తీగలు. కొండ అంచు చేలల్లో అడవి పందుల కోసం రాత్రిళ్ళు తీగలు లాగి కరెంటు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, చట్టం ఒప్పుకోదు, మనుషులు కూడా పోయారు, అయినా ఆగలేదు. సాయంత్రం ఐదు దాటాక గట్ల మీద, చేలల్లో అడుగు పెట్టకూడదు, ఊళ్ళో ఉండాల్సిందే. ఈ నియమానికి మినహాయింపు లేదు.

సంక్రాంతి పోయాక: సోమశిల నుంచి మర్రిపాడు

తెల్లవారుజామున మంచులో బయల్దేరాం. పాత అశ్విక దళాల పద్ధతిలో గంటకి పది నిమిషాలు దిగి పక్కన నడవడం పెట్టుకున్నా, వీపుకి గాలి తగులుతుంది, నా మోకాళ్ళకీ మంచిది. రష్యన్ అధికారి ద్మిత్రీ పెష్కోవ్ 1889లో సైబీరియాలోని బ్లాగొవెష్చెన్స్క్ నుంచి సెర్కో అనే చిన్న గుర్రం మీద బయల్దేరి 193 రోజుల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు, దాదాపు 8,800 కిలోమీటర్లు, రోజుకి సగటున 45 పైనే. అది చలిదేశం గుర్రం, మంచులో పెరిగినది. మన వాతావరణంలో ఇరవై దాటించకూడదని ముందే అనుకున్నాం, అనంతసాగరం చెరువు కట్ట పక్క దారి మెత్తగా ఉండి చుక్క నడక బాగా సాగుతున్నా ఆ గీత దాటలేదు.

తారు రోడ్డు తప్పించుకోలేని చోట్లు ఉన్నాయి. ఇనప లాడం తారు మీద జారుతుంది, ప్రతి అడుగుకీ అదురు కాళ్ళలోకి ఎక్కుతుంది. మర్రిపాడు దగ్గర బద్వేలు పోయే హైవే దాటేటప్పుడు తమ్ముడు ముందుకి పోయి ఎర్ర తువ్వాలు ఊపి లారీలని ఆపాడు, డ్రైవర్లు ఆగి మరీ ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు.

రాత్రి ఒక రైతు కళ్ళంలో దిగాం. ఇక్కడ గేదెకి కాలికి పలుపు వేసినట్టు గుర్రానికి వేయకూడదు, బెదిరి లాగితే కాలు తెగుతుంది. రెండు వేపచెట్ల మధ్య తల కంటే ఎత్తున తాడు బిగించి, దానికి మెడతాడు కట్టాం, అటూ ఇటూ తిరగొచ్చు, కాళ్ళకి చుట్టుకోదు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది గానీ గాఢనిద్రకి మాత్రం కాసేపన్నా పడుకోవాలి, కొత్త చోట భయంతో పడుకోదు. ఆ రాత్రి చుక్క పడుకోలేదు. రెండో రాత్రి అదే కళ్ళంలో ఉన్నాం, అందుకోసమే. తెల్లారి చూస్తే పక్కటెముకల మీద గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి, అంటే నిద్రపోయింది.

మనుషుల ప్రేమ ఒక పెద్ద ఇబ్బంది. ప్రతి ఊళ్ళో ఏదో ఒకటి పెట్టాలని చూస్తారు: అరిసెలు, అన్నం, ఒక దోసిలి శనగలు. "ఏం పాపా, పాపం ఎంత దూరం నుంచి వచ్చిందో, ఇంత తింటే ఏమైతది" అంటారు. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, లోపలికి పోయింది ముందుకే పోవాలి, అలవాటు లేని గింజ ఒక్కసారి ఎక్కువైతే కడుపునొప్పి, గిట్టల వాపు. ఒకామె వేరుశనగ కట్టె మోపు తెచ్చి వేసింది, చేతిలోకి తీసుకుని వాసన చూస్తే బూజు. "అమ్మా, దీనికి మా డాక్టరు కొలత పెట్టాడు, ఇంకేది పెట్టినా నన్ను తిడతాడు" అని చెప్పడం మొదలుపెట్టాం. డాక్టరు మాట అంటే అందరూ ఒప్పుకుంటారు, నొచ్చుకోరు. బదులుగా నీళ్ళు తెచ్చిపెట్టమంటే పిలకాయలంతా బకెట్లు పట్టుకుని పరిగెత్తుతారు.

ఉదయగిరి

దుర్గం దూరం నుంచే కనపడుతుంది, గంటల తరబడి అదే కొండ ఎదురుగా ఉంటుంది. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి హంపిలో గుడి కట్టించాడు. అది చిన్నప్పుడు చదువుకున్నదే. కింద నిలబడి చూస్తే ఇప్పుడు నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే, అన్ని నెలలు ఆ గుర్రాలకి నీళ్ళు ఎవరు మోశారు? వెయ్యి గుర్రాలనుకున్నా రోజుకి ముప్పై వేల లీటర్లు, ఈ మెట్టలో. అరబ్బు గుర్రాలు సముద్రం మీద పశ్చిమ తీరానికి దిగి విజయనగరం చేరేవి, 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చాక ఆ వ్యాపారం చాలామటుకు వాళ్ళ గుప్పిట్లోకి పోయింది. అంత ఖరీదు పెట్టి కొన్న గుర్రాన్ని ఇక్కడ బతికించింది గడ్డి మోసినవాళ్ళు, నీళ్ళు తోడినవాళ్ళు. వాళ్ళ పేర్లు శాసనాల్లో ఉండవు.

మాకు ఇబ్బంది వచ్చింది కూడా ఇక్కడే, నీళ్ళ దగ్గరే. పొద్దున చుక్క మేత సగం వదిలేసింది. పేడ ఉండలు చిన్నగా, గట్టిగా, పైన మెరుస్తూ ఉన్నాయి. డొక్కకి చెవి ఆనిస్తే మామూలుగా గుడగుడమని వినపడాల్సిన చప్పుడు పలచబడింది. మెడ చర్మం చిటికెతో పట్టి వదిలితే నిదానంగా వెనక్కి పోయింది. ముందు రోజు తాగిన నీళ్ళు తమ్ముడు రాసిన లెక్కలో చూస్తే 18 లీటర్లే, ముప్పైకి తగ్గకూడదు. ఆ ఊరి బోరు నీళ్ళ రుచి దానికి నచ్చలేదు. 1962 నంబరుకి ఫోన్ చేశాం, సంచార పశువైద్య వాహనం వచ్చింది, డాక్టరు చూసి పేగు కదలిక తగ్గింది గానీ మెలిక పడలేదు, భయం లేదని చెప్పి మందిచ్చారు, తవుడు గోరువెచ్చటి నీళ్ళలో జావలాగా కలిపి ఉప్పు వేసి పెట్టమన్నారు. మెల్లగా నడిపిస్తూ, ఆపుతూ సాయంత్రం దాకా ఉన్నాం. చీకటి పడే వేళకి పెద్ద పేడ వేసింది. తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి ముందు ఆ మాటే చెప్పాడు.

ఉప్పు సంగతి ఆ డాక్టరు చెప్పిన తీరు బాగా పనికొచ్చింది. మన చెమటలో ఉప్పు రక్తంలో కన్నా తక్కువ, నీళ్ళు పోయినప్పుడు రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రం చెమటలో నీళ్ళతో పాటు ఉప్పు కూడా రక్తానికి సమానంగానో ఇంకా ఎక్కువగానో పోతుంది, కాబట్టి ఒళ్ళు ఎండిపోతున్నా దానికి దాహం తెలియదు. ఉప్పు పెడితేనే తాగుతుంది. అప్పట్నుంచి రోజూ మేతలో ఉప్పు, ప్రతి బకెట్‌లో చిన్న బెల్లం ముక్క. ఏ ఊరి నీళ్ళయినా బెల్లం రుచే కాబట్టి పేచీ పెట్టడం మానేసింది.

ఉదయగిరి చెక్క చెంచాలు పేరున్నవి. చెంచాలు చెక్కే ఒక అక్క దగ్గర కూర్చుని, గుర్రం ఒంటి మీద చెమట గీసేయడానికి వంపు ఉన్న చెక్క కావాలని నేల మీద గీసి చూపించా. రెండు ప్రశ్నలు అడిగింది, ఎంత వెడల్పు, వెంట్రుక వాలు ఎటు. మధ్యాహ్నానికి నున్నగా చెక్కి ఇచ్చింది, అంచు మొద్దుగా, పిడి అరచేతికి సరిపోయేలా. బజార్లో కొన్న ప్లాస్టిక్‌ది పడేశా.

సీతారామపురం, భైరవకోన

ఈ భాగం నడక సుఖంగా సాగింది. కొండ దగ్గరికి జరుగుతుంది, దారి ఎర్రమట్టి, అక్కడక్కడా గులక. రోజూ ఆగిన ప్రతిచోటా నాలుగు గిట్టలూ ఎత్తి చూడటం తప్పనిసరి. సీతారామపురం దాటాక వెనక ఎడమ గిట్టలో, మట్టి పెళ్ళ గీకేస్తే, మధ్య త్రికోణం పక్కన గాడిలో తుమ్మముల్లు అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఇంకా లోపలికి దిగలేదు. పట్టకారుతో తీసి పసుపు నీళ్ళతో కాకుండా అయోడిన్‌తో కడిగాం, ఒక మైలు నడిపించి చూసి గానీ ఎక్కలేదు. గొర్రెల మంద కుక్కలు రెండుసార్లు ఎదురొచ్చాయి, పరిగెత్తిస్తే వెంటపడతాయి, ఆగి ఎదురు తిరిగి నిలబడితే కాపరి కేక వేసేదాకా మొరిగి పోతాయి.

భైరవకోన చేరేటప్పటికి పొద్దు ఇంకా ఉంది. ఒకే కొండరాతిలో ఎనిమిది శివాలయాలు తొలిచారు, పక్కనే వాగు, పైనుంచి జలపాతం. గుర్రాన్ని గుడి ముందుకి తీసుకుపోలేదు, దిగువన చెట్లలో కట్టి మేమిద్దరం వంతులవారీగా పోయి దర్శనం చేసుకున్నాం. ఆగిన పావుగంటకి గుండె 48. జీను తీస్తే చెమట రెండు వైపులా సమానంగా ఉంది, వీపు మీద వేళ్ళతో నొక్కుతూ పోతే ఎక్కడా ఒళ్ళు ముడుచుకోలేదు. నాకు కావాల్సిన ఫలితం అదే. చేరామా లేదా అన్నదానికన్నా, మర్నాడు అదే గుర్రం ఇంకో ఇరవై కిలోమీటర్లు పోగలిగే స్థితిలో చేరిందా అన్నదే లెక్క.

మిగిలిన పని

రెండో విడత భైరవకోన నుంచి ఉత్తరానికి, గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువు దాకా. ఎండలు వస్తున్నాయి కాబట్టి ఈ ఏడు కదలం, మళ్ళీ ధనుర్మాసం తర్వాతే. ఈలోగా ఆ దారి తొట్లు, కుంటలు, బోర్లు ఎక్సెల్ మీద తిరిగి గుర్తించాలి, ఎక్కడ రిజర్వు ఫారెస్టు అడ్డం వస్తుందో రేంజ్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. మొదటి విడత పటం రెండు ప్రతులు తీసి, ఒకటి మర్రిపాడు వైపు కాపరులకి ఇచ్చా, ఎండిపోయిన తొట్లు కొట్టేసి కొత్తవి రాసి ఇస్తామన్నారు. ఆత్మకూరు పెద్దాయన దగ్గర పని నేర్చుకోవడానికి తమ్ముడు వారానికొకసారి పోతున్నాడు, ఇప్పటికి విప్పడం, చెక్కడం వచ్చింది, మేకు కొట్టడానికి ఆయన ఇంకా చేతికి సుత్తి ఇవ్వలేదు. కంభం వైపు లాడాలు కొట్టేవాళ్ళు దొరికితే సరే, లేదంటే తమ్ముడి చేయి కుదిరేదాకా ఆగి అప్పుడే తేదీ పెడతాం.